చాలు అన్న పాపానికి

పేకాట ఆడి బాగుపడాలనుకున్నాను. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఎనభైల మొదట్లో అబుదాబి దగ్గర మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉంటూ సిమెంటు బస్తాలు మోసి ఎవడు బాగుపడ్డాడో చూపించండి, అప్పుడు సిగ్గుపడతాను.

శుక్రవారం సెలవు. పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కేవాణ్ణి. అల్ ఐన్, షార్జా, ఎక్కడ మనవాళ్ళ గదుల్లో మూడు ముక్కలాట ఉంటే అక్కడ వాలేవాణ్ణి. పట్టుబడితే దేశం నుంచి పంపేస్తారని తెలుసు. అయినా వెళ్ళాను. రెండేళ్ళలో కొంత పెట్టుబడి పోగైంది. దుబాయ్ కరామాలో ఒక ఫ్లాట్‌లో పెద్ద ఆట నడుస్తుందని విన్నాను. అక్కడ ఒక్కరోజు కలిసొస్తే పాత పికప్ బండి ఒకటి కొని కిరాయికి తిప్పుకుంటూ బస్తాలకు సలాం కొట్టొచ్చు.

నా గదిలో ఉండే మా ఊరాయన, వరసకు బావ, తోడొచ్చాడు. తీరా చూస్తే ఆటలో మా సైట్ ఫోర్‌మన్ ఉన్నాడు. సైట్ మీద ఆయన ఎదుట కూర్చుంటే ఉద్యోగం పోయినట్టే. ఇక్కడ ఎదురుగా చాప మీద దర్జాగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

కాసేపు బాగానే సాగింది. తర్వాత చెత్త ముక్కలొచ్చాయి. రెండు, అయిదు, తొమ్మిది. మా తెలుగు గదుల్లో ఆట వదులుకునేటప్పుడు "చాలు" అంటాం. అలవాటుగా అదే అనేశాను. హిందీలో ఆడేవాళ్ళకు "చాల్" అంటే పందెం కాయడం.

"చాల్ బోలా! పైసా డాల్!" అన్నాడు ఫోర్‌మన్.

అక్కడ నోటితో అన్నదే ఖాయం, డబ్బు పెట్టాల్సిందే. మా మాటకు అర్థం వేరని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. ఫోర్‌మన్ నవ్వాపి, "హాథ్ జోడ్‌కే గల్తీ హోగయీ సాబ్ బోల్, ఛోడ్ దేతా" అన్నాడు. చేతులు జోడించి తప్పయిందంటే వదిలేస్తాడట! వారంలో ఆరు రోజులు ఆయనకు ఆ మాటే చెబుతున్నాను. ఏడో రోజు కూడానా? అదీ నా భాషలో నేను మాట్లాడినందుకా?

ఒళ్ళు మండిపోయింది. డబ్బు పెట్టాను. మళ్ళీ నా వంతు వచ్చినప్పుడు ముక్కలు పారేసి బయటపడొచ్చు. ఆయన కళ్ళలోకి చూస్తూ, కావాలనే, "చాలు" అన్నాను. ఆ తర్వాతా అదే అన్నాను. బావ వెనకనుంచి చొక్కా లాగుతూనే ఉన్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఫోర్‌మన్ నుదురు తుడుచుకున్నాడు. అది చూసి నాకెంత హాయిగా ఉందో! చివరికి నా దగ్గర పెట్టడానికేమీ మిగల్లేదు. ముక్కలు చూపించుకున్నాం. ఆయనవి రెండు జాకీలు. ఖలాస్.

మెట్లు దిగగానే బావ అందుకున్నాడు.

"ఒక్క మాటంటే అయిపోవు గదరా? రెండేండ్ల కష్టం పాయె. పికప్ పాయె."

ఏడుపొచ్చిన మాట నిజం. అది పికప్ కోసం. ఆ మాట అననందుకు కాదు.

"ఇగ పత్తలు ముట్టనని ఒట్టు వెయ్. అట్లయితెనే టాక్సీ కిరాయి నేను కడ్త."

"ఒట్టు గిట్టు ఏం లేదు బావా. వచ్చే శుక్రారం రాసల్ ఖైమాల ఆటున్నదట. గాడికి గూడ కిరాయి నువ్వే కట్టాలె."