బంతి తిరిగి రాని ఊరు

మొన్న సిగ్నల్ దగ్గర ఒక చేపల వ్యాను నేనెక్కిన ఆటో పక్కనే ఆగింది. కరుగుతున్న ఐసు, నీచు కలిసిన ఆ వాసన తగలగానే కూర్చున్నచోటే కాళ్లు ఆడించడం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు అలాంటి వ్యానులోనే మావ, అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను సాలూరు తీసుకెళ్లాడు. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డునున్న మా పల్లె ఫుట్‌బాల్ జట్టుకు ఆయన గోల్‌కీపర్. మావాళ్లు బయటి ఊళ్లో ఆడటం అదే మొదటిసారి. ఖాళీ ఐసు పెట్టె మీద కుదురుగా కూర్చోలేక కాళ్లు ఆడిస్తూ, "వచ్చీసిందా మావా?" అని దారంతా ఆయన ప్రాణం తీశాను.

మైదానం చుట్టూ లారీలే. సముద్రం హోరు లేక నా చెవులు మూసుకుపోయినట్టుంది. ఆట చివరికొచ్చింది, మేం ఒక గోల్ వెనకబడ్డాం. అప్పుడే బంతి గోల్ పక్కనుంచి, గట్టు మీద కూర్చున్న నన్ను దాటుకుని, లారీల కిందికి దొర్లిపోయింది. నేను కదల్లేదు.

"ఏటే, అలా సూస్తన్నావు? బంతి అందుకో!" అని మావ అరిచాడు.

"అదే వచ్చేస్తాది కదా మావా!"

మా ఒడ్డున గోల్ వెనక సముద్రమే. బంతి నీళ్లలో పడితే ఎవరూ పరిగెత్తరు, అలే తెచ్చి పడేస్తుంది.

సాలూరు వాళ్లు పడీపడీ నవ్వారు. ఓడిపోయాం.

ఆ నవ్వులు తలుచుకుని చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. సిగ్నల్ దగ్గర మాత్రం ఇంకోటి గుర్తొచ్చింది. నా మీద అరిచే ముందు, ఓడిపోతున్న ఆ ఆటలో, మావ కూడా నడుం మీద చేతులు పెట్టుకుని లారీల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

ఆయనా అల కోసమే చూశాడు.