కిడ్నీ కాదంట, దురదేనంట

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి సంగతేం కాదు. ఇప్పుడున్న ఫోనుకు ముందు నా దగ్గర ఇంకో ఫోను ఉండేది, దాని అద్దం ఇంకా పగలని రోజులవి. ప్రపంచంలో నాకు తెలియనిదేదీ లేదని, ఒకవేళ ఉన్నా అది ఫోనుకి తెలిసే ఉంటుందని నా గట్టి నమ్మకం. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. సోంపేట దారిలో ఉన్న మా మేనత్త ఊళ్ళో మకాం పెట్టి, రోజూ బండి మీద వెళ్ళొచ్చేవాణ్ణి. ఫ్యాక్టరీలో అందరూ లుంగీలు, వదులు నిక్కర్లు వేసుకునేవారు. నేను మాత్రం ఒంటికి అతుక్కుపోయే జీన్సు వేసుకుని, జీడిగింజలు ఉడికించే బాయిలర్ పక్కన నిలబడి చెమటలు కక్కుతూ అజమాయిషీ చేసేవాణ్ణి. (సూపర్‌వైజరు లుంగీలో ఉంటే ఎవరు భయపడతారని నా బాధ. జీన్సులో ఉన్నా ఎవరూ భయపడలేదు.)

అది వానాకాలం. సముద్రం గాలికి ఉతికిన బట్టలు ఆరేవి కావు. తడి పొడి లోదుస్తులే వేసుకుని బండెక్కేసేవాణ్ణి. కొన్నాళ్ళకి, ఎక్కడ గోక్కోకూడదో సరిగ్గా అక్కడే దురద మొదలైంది. తర్వాత ఎర్రబడింది, తెల్లటి పాచి లాంటిది కనిపించింది, మూత్రానికి వెళితే మంట. సిగ్నల్ కోసం జీడితోటలోకి నడిచి వెళ్ళి ఫోనుని అడిగాను. అది ముందు షుగర్ అంది, తర్వాత చెప్పకూడని జబ్బుల పేర్లన్నీ చెప్పింది. నేనే పాపమూ ఎరగనని దానికెలా నచ్చజెప్పాలి? కోపం వచ్చి ఫోను జేబులో పెట్టేశాను, మళ్ళీ భయం వేసి తీశాను. చివరికి పలాసలో ఒక మందుల షాపుకెళ్ళి, ఫ్రెండుకి బాగోలేదని అబద్ధమాడి ఒక ట్యూబు కొన్నాను. రాయగానే చల్లగా అణిగింది. ఆ ఫ్రెండు ఎంతో సంతోషించాడు. వారం తిరక్కుండానే రెండింతలై తిరిగొచ్చింది.

ఒకరోజు పొద్దున బాత్రూంలో నేను పళ్ళు బిగపట్టి మూలగడం అత్త వినేసింది. బయటికి రాగానే ఏమైందని నిలదీసింది. ఎక్కడ దురదో చెప్పే ధైర్యం లేక, మూత్రానికి వెళితే కొంచెం మంటగా ఉందన్నాను, అంతే. చేతిలో చెంబు అలాగే పట్టుకుని అత్త గుమ్మంలో కూలబడిపోయింది. అత్తావాళ్ళుండే ఉద్దానం ప్రాంతంలో ఆ మాట వేరే ఊళ్ళో అన్నట్టు అనకూడదు. అక్కడ కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదు. మావ వాళ్ళ అన్నయ్య, మేమందరం పెద్దమావ అంటాం, అప్పటికే వారానికి రెండుసార్లు బస్సెక్కి పలాస పెద్దాసుపత్రికి డయాలిసిస్‌కి వెళ్ళొస్తున్నాడు.

సాయంత్రానికల్లా నా కూరలో ఉప్పు మాయమైంది. ఊరి నీళ్ళు పడవని నాకొక్కడికే నీళ్ళ క్యాను వచ్చింది. ఇరుగుపొరుగు వచ్చి కళ్ళ కింద ఉబ్బుందేమో అని నా మొహం వెలుతురుకి తిప్పి చూసి వెళ్ళారు. నాకేం కాలేదని అరిచాను. మరి ఆ మంటేమిటని అడిగారు. దానికి నా దగ్గర జవాబుంది గానీ నోటికి రాదు. అందరికన్నా ఎక్కువ ఆదరించింది పెద్దమావ. అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మంచం పైన ఫ్యాను బాగా తిరుగుతుందో, ఏ నర్సమ్మ సూది నొప్పి తెలియకుండా గుచ్చుతుందో విడమరిచి చెప్పాడు. ఆయన అంత ప్రేమగా చెబుతుంటే నాకు దురద కన్నా అదే ఎక్కువ బాధ అనిపించింది.

మర్నాడు పెద్దమావతో పాటే నన్నూ బస్సెక్కించారు. ఆయన డయాలిసిస్ గదిలోకి వెళ్ళాడు, నన్ను అత్త డాక్టరు ముందు కూర్చోబెట్టింది. నా జబ్బు చరిత్రంతా తనే చెప్పింది. బయట కూర్చోమంటే కదల్లేదు. నేను ఫోనులో అసలు సంగతి టైపు చేసి డాక్టరుగారి ముందుకి తోశాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని, నన్నే చదవమని తిరిగిచ్చాడు.

చదివాను. ఇంకేం చేస్తాను?

ఆయన కర్టెన్ వెనక చూసి, ఇది ఈస్టు అనే ఫంగస్ అని, మగవాళ్ళకీ వస్తుందని, చెమట, తడిబట్ట, బిగుతు ప్యాంటు దానికి విందు భోజనమని చెప్పాడు. జేబులోంచి తీసి పేరు చదివి వినిపించిన నా ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉందట. దురదని అణిచి ఫంగస్‌ని పెంచుతుందట. దాన్ని చెత్తబుట్టలో పడేసి వేరే క్రీము రాశాడు. తగ్గినట్టనిపించినా చెప్పినన్నాళ్ళూ వాడాలి, సబ్బు తగలకుండా మామూలు నీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకోవాలి, వదులు కాటన్ బట్టలే వేసుకోవాలి, లోదుస్తులు బాగా ఎండలో ఆరాలి. కొందరికి షుగర్ వల్ల కూడా వస్తుంది కాబట్టి ఆ పరీక్షా రాశాడు.

"కిడ్నీకేటీ కాదు గదా బావూ?" అంది అత్త. ఆమె కోసం ఆ పరీక్ష కూడా రాశాడు.

రెండూ బాగున్నాయని తెలిశాక, రోగుల చుట్టాలంతా కూర్చున్న వరండాలో నిలబడి అత్త కళ్ళు తుడుచుకుని, "మా అల్లుడికి కిడ్నీ కాదంట, దురదేనంట," అని ప్రకటించింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా సంతోషించారు. తిరుగు బస్సులో కండక్టరుకి చెప్పింది. అప్పటికి నా సహనం చచ్చింది. ఇంకొక్క మనిషికి చెబితే బస్సు దిగిపోతానని లేచి నిలబడ్డాను.

"కూకోరా. బతికున్న ఒంటికి దురదెట్టదేటి? సిగ్గేటి దానికి?" అంది.

కిటికీ పక్కన, చేతికి కట్టుతో నీరసంగా ఉన్న పెద్దమావ కళ్ళు మూసుకునే నవ్వాడు. "పోన్లేరా. బస్సులో నాకు తోడు దొరికేవనుకున్నాను," అన్నాడు. నేను కూర్చున్నాను.

ఇంటికెళ్ళాక అత్త నా లోదుస్తులన్నీ వీధివైపు తీగకే ఆరేసింది (ఎండ అక్కడే బాగా తగులుతుందట). దారిన పోయేవాళ్ళు ఆగి, అవి చూసి, తగ్గిందా అని అడిగి వెళ్ళేవారు. చెప్పినన్నాళ్ళు క్రీము రాశాను, మావ లుంగీ కట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను, తగ్గింది.

ఇప్పుడు విశాఖలో ఏసీ ఆఫీసులో పని చేస్తున్నాను. పెద్దమావ ఇంకా ఆ బస్సెక్కుతూనే ఉన్నాడు. అత్త ఎప్పుడు ఫోను చేసినా ముందడిగే మాట ఒక్కటే. మొదట్లో ఉలిక్కిపడి మెట్ల దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. మొన్న ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర, చేతికి పప్పన్నం అంటి ఉందని స్పీకర్‌లో పెట్టాను. "అల్లుడా, దురదేటైనా మళ్ళీ వచ్చిందేటి?" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపేశారు.

"లేదత్తా. పెద్దమావకి ఎలా ఉంది?" అన్నాను, స్పీకర్ తీయకుండానే.