కారణం రాసియ్యమన్న మా అత్త

మా మేనత్త పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పోయింది. మణుగూరు దాటినాక అడవి అంచు ఊళ్ళో కాలువ పని చేయిస్తూ, గట్టు మీద కూర్చుని ఛాతీలో నొప్పి అన్నదట. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆమె మట్టి మిషన్ నడిపే ఆపరేటర్ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ... పని కాడనే..." అన్నాడు. ఏడుపు ఆగినాక నాకు మొదట వచ్చిన ఆలోచన, ఆమె మంచం మీద పోలేదు అని. చెప్పకూడదేమో గానీ, కొంచెం గర్వంగానే అనిపించింది.

పాల్వంచలో ఆమె మొదట థర్మల్ స్టేషన్ గేటు దగ్గర చిన్న హోటల్ నడిపింది. షిఫ్టు దిగినవాళ్ళు అక్కడే తినేవాళ్ళు. మామ మణుగూరు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి నెట్టే డోజర్ నడిపేవాడు. కొన్నేళ్ళకు అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అత్త కొట్లాడలేదు, పిలవలేదు. హోటల్ మీద మిగిల్చిన దాంతో మట్టి తవ్వే పాత మిషన్ ఒకటి కొన్నది. "ఆయన నడిపేది ఒకరి మిషన్. నేను నడిపించేది నాది" అని నవ్వేది.

చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాల, చేతిలో చక్కెర ఎక్కువేసిన చాయ్. ఇదీ పని దగ్గర ఆమె వేషం. కొత్తగా తవ్విన మట్టిని పిడికిట్లో నలిపి, వాసన చూసి, ఇంకెంత లోతు పోవాలో చెప్పేది. ఆపరేటర్ తినకముందు తాను తినేది కాదు. ఎవరైనా "ఆడమనిషివి, గీ పనేందమ్మా" అంటే కోపం తెచ్చుకునేది కాదు. "అవ్, ఆడమనిషినే. గుంత ఎక్కడ కావాల్నో చెప్పు" అనేది.

పాత మిషన్ అరిగి పెద్ద పనులకు ఆగకుండా పోయిన ఏడాది, అడవి పక్క ఊళ్ళలో చేలకు నీటి కుంటలు తవ్వే పెద్ద పని ఆమెకు వచ్చింది. వానలు పడకముందే అయిపోవాలి. కొత్త మిషన్ లీజుకు తీసుకుందామని ఖమ్మంలో ఒక కంపెనీ ఆఫీసుకు పోయాం. నేను అప్పటికే ఖమ్మంలో టీచర్‌ని, నా స్కూటీ మీదే తీసుకుపోయాను. కంపెనీ మిషన్ కొని మనకిస్తుంది, మనం నెలనెలా కిరాయి కట్టాలి, గడువు తీరాక మిషన్ మన పేరున అవుతుంది. అదీ పద్ధతి. మేనేజర్ కాగితాలన్నీ చూసి మెచ్చుకున్నాడు. చివర్లో అన్నాడు:

"అంతా మంచిగున్నదమ్మా. మీ ఆయన సంతకం ఒక్కటి కావాలె."

"ఆయనకు నా పనితో సంబంధం లేదు సార్."

"అయితే కొడుకుదో, అన్నదో. మొగమనిషిది ఒకటి ఉండాలె."

"మొగోళ్ళు వస్తే పెండ్లాం సంతకం అడుగుతరా?"

ఆయన నవ్వాడు. "అడగం. రూల్ గట్లున్నది."

ఈ సంగతి ఎట్లా తెలిసిందో, మామే మా నాన్నకు ఫోన్ చేశాడు. సంతకం చేస్తానన్నాడు, బదులు ఏమీ వద్దన్నాడు. నాన్న సంబరపడి అత్త దగ్గరకు పోయాడు. "పంతమెందుకు చెల్లే? ఒక్క సంతకమే కదా. పని పోతది."

అత్త ఆయనకు చాయ్ పోసిచ్చింది. తర్వాత మెల్లగా అన్నది. "పోతే పోనీ అన్నా. ఆయన మంచిగనే చేస్తానన్నడు, కాదనను. కానీ ఇయ్యాల ఆయన పెడితేనే నేను మనిషినైతే, ఇన్నేండ్లు నేను చేసిందేంది?"

పని పోయింది. వేరే కాంట్రాక్టర్ మిషన్లు దించాడు. ఆ వానాకాలం అత్త మళ్ళీ హోటల్ పొయ్యి ముందు కూర్చుని పూరీలు వత్తింది. నేను చూడలేక, తెలిసిన వకీలు దగ్గరకు తీసుకుపోయాను. ఆయన ఆశపెట్టలేదు. "అప్పు ఇచ్చే దగ్గర ఆడ, మగ తేడా చూడొద్దని చట్టమంటూ ఒకటి మన దగ్గర లేదమ్మా. కంపెనీ కూడా ఇది అప్పు కాదు, కిరాయి, ఎవరికిచ్చుకుంటమో మా ఇష్టం అంటది" అన్నాడు.

"మిషన్ ధర మొత్తం నేను కడతా, ఆఖర్న నాదైతది. దానికి కిరాయి అని పేరు పెడితే అప్పు కాకుండా పోతదా?" అన్నది అత్త.

వకీలు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అదే వాదన. పేరు కాదు, పని చూడాలె. బ్యాంకుల మీది పెద్ద బ్యాంకు ఈ కంపెనీలకు న్యాయంగా ఉండాలని పద్ధతులు పెట్టింది. అవి లీజు కంపెనీలకు గూడా వర్తిస్తయి. ఆ కంపెనీ తన పద్ధతులు తానే రాసి గోడకు పెట్టి ఉంటది. పోయి చదువుండ్రి."

ఉన్నది. మేనేజర్ కుర్చీ వెనకాల గోడ మీద, తెలుగులోనే. కులం, మతం, ఆడ, మగ తేడా చూపమని రాసుకున్నారు. అత్త నిలబడి పైకి చదివింది. ఆఫీసులో అందరూ పని ఆపారు.

"అది అప్పులకమ్మా. ఇది లీజు" అన్నాడు మేనేజర్.

"లీజుకు కాదని అండ్ల ఎక్కడున్నది సార్? సరే, నాకియ్యనంటున్నరు. ఎందుకియ్యరో రాసియ్యండి. మొగుని సంతకం లేదు గనుక ఇయ్యం అని, గదే రాయండి. తీసుకొని పోతా."

మేనేజర్ పెన్ను పట్టుకున్నాడు, కింద పెట్టాడు. పైవాళ్ళతో మాట్లాడాలన్నాడు. బయటికొచ్చాక అత్త నాతో అన్నది: "నోటితో అన్నది చేతితో రాస్తలేడంటే, తప్పని ఆయనకు గూడ ఎరుకే బిడ్డా."

వకీలు సాయంతో హైదరాబాద్‌లోని పెద్దాఫీసుకు ఫిర్యాదు పంపాం. మళ్ళీ మళ్ళీ అడిగాం. ఒకసారి లీజు అన్నారు, ఇంకోసారి ఇంకేదో అన్నారు. రాసివ్వమన్నది మాత్రం ఎవరూ రాయలేదు. చివరికి ఒక అధికారి పాల్వంచ వచ్చాడు. పాత మిషన్‌తో అత్త చేయిస్తున్న పునాది పని దగ్గర సగం పూట కూర్చున్నాడు. పని ఇచ్చినవాళ్ళను అడిగాడు, లెక్కలు చూశాడు, ఇంటాయన ఊసెత్తలేదు. ఆ చలికాలంలోనే పసుపు రంగు కొత్త మిషన్ లారీ మీద పాల్వంచ వచ్చింది. కాగితాల మీద ఒక్క అత్త సంతకమే ఉంది. హోటల్ ముందు షిఫ్టువాళ్ళు ప్లేట్లు పట్టుకునే నిలబడి చూశారు. అత్త మిషన్ చుట్టూ తిరిగి, ఇనుము మీద చెయ్యి వేసి, "జల్దీ దించుండ్రి, ఎండ పోతది" అన్నది.

ఆ తర్వాత దుమ్ముగూడెం వైపు నుంచి ఒక కోయ అమ్మాయి వరికోత మిషన్ లీజుకు కావాలని అత్తను వెతుక్కుంటూ వచ్చింది. అదే ఆఫీసుకు అత్తే వెంట పోయింది, కానీ లోపలికి పోలేదు. "నువ్వే మాట్లాడు. నేను బయట చాయ్ తాగుతుంట" అన్నదట. మేనేజర్ ఆ అమ్మాయిని కూర్చోమని, ఎన్ని ఎకరాల కోత దొరుకుతుందని అడిగాడట. పెండ్లి అయిందా అని అడగలేదట. ఈ సంగతి అత్త నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో చూసిన వెలుగు, తన మిషన్ వచ్చిననాడు కూడా చూడలేదు.

గెలుపు గురించి ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. ఎవరైనా తవ్వి అడిగితే, "అడిగిన, అంతే. అడుగుడు గూడ పనే" అనేది. మా క్లాసులో ఆడపిల్లలకు నేను ఆ మాట చెప్తుంటాను. మా అత్త అన్నదని చెప్పే చెప్తాను.

దినవారాలు అయిన సాయంత్రం, ఆమె చివరిగా కూర్చున్న గట్టు చూద్దామని పోయాను. ఆపరేటర్ కాలువ పని మళ్ళీ మొదలుపెట్టాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు గానీ ఆపలేదు. తడి ఎర్రమట్టి మీద పురుగుల కోసం తెల్లకొంగలు దిగి ఉన్నాయి. బకెట్ లేచినప్పుడల్లా అవి ఒక్కసారిగా ఎగిరి, అది పక్కకు తిరగగానే అప్పుడే తవ్విన చోటే మళ్ళీ వాలుతున్నాయి.