పేరు రాయని కాగితాలు

మా స్కూల్ ఇంగ్లీషు మాస్టారు పోయారని సోమవారం ప్రేయర్‌కి ముందే హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోన్ చేసి చెప్పారు. గుండెపోటట. నేనప్పుడు భవానీపురంలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది ఒక అనుమానం. ఆయన్ని నేను బాధపెట్టానేమో, ఆ బాధతోనే వెళ్లిపోయారేమో అని.

పదకొండేళ్లు ఒకే స్టాఫ్‌రూంలో కూర్చున్నాం. ఇద్దరం ఇంగ్లీషే చెప్పేవాళ్లం. వన్ టౌన్‌లో ఆయన తమ్ముడికి హోల్‌సేల్ కొట్టుంది. అక్కణ్ణుంచి సబ్బుల అట్టపెట్టెలు, బిస్కెట్ల డబ్బాలు స్కూటర్ మీద తెచ్చి, వాటి మీదున్న ఇంగ్లీషుని పిల్లల చేత చదివించేవారు. "టెక్స్ట్‌బుక్ ఎవరికీ అర్థం కాకపోయినా ప్రింటవుద్దమ్మా. ఇది అర్థం కాకపోతే సరుకే కదలదు" అనేవారు. ఇంటర్వెల్‌లో గేటు దగ్గర జామకాయ కొని, ఉప్పూకారం అద్దిన ముక్కొకటి అడక్కుండానే నా పుస్తకం మీద పెట్టేవారు. మరకలవుతున్నాయని నేను విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఆయనకి ఇంకో అలవాటుండేది. ఎవరైనా తప్పు మాట్లాడితే, ఆ తప్పుని వాళ్ల గొంతుతోనే మళ్లీ అని చూపించేవారు. క్లాసంతా గొల్లున నవ్వేది. గోడ అవతల నేనూ నవ్వుకునేదాన్ని. "నవ్వుతూ నేర్చుకున్నది మర్చిపోరమ్మా" అనేవారు.

కిందటేడు నేను సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసు మొదలుపెట్టాను. స్పోకెన్ ఇంగ్లీషుని ఆయన పీరియడ్‌గానే ఉంచాలా, నా ఆన్‌లైన్ క్లాసుకి మార్చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. "పిల్లల్నే అడగండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. తొమ్మిదో తరగతి వాళ్ల చేత, పేరు రాయొద్దని చెప్పి, తెలుగులోనే అభిప్రాయాలు రాయించాను.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి హనుమాన్ జంక్షన్ వెళ్లిపోతుందని ఒకరు రాశారు. ఆన్‌లైన్‌లో అయితే పాఠం వెనక్కి తిప్పుకుని వినొచ్చని చాలామంది. ఒక కాగితంలో ఇలా ఉంది: "క్లాసులో సార్ నాలా మాట్లాడితే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికెళ్లాక ఏడుపొస్తుంది."

ఆ ఒక్కటి పక్కన పెట్టి మిగతావే మాస్టారికి ఇవ్వొచ్చు. పెట్టలేదు. నా క్లాసే గెలుస్తోందన్న సంతోషం లోపల ఎక్కడో ఉంది. అందుకే ఆ రోజు నా ఉద్దేశం మీద ఇప్పటికీ నాకు నమ్మకం కుదరదు.

ఆయన ఒక్కొక్కటే చదివారు. ఆ కాగితం దగ్గర ఆగారు.

"ఈ రాత ఎవరిదో తెలుసా అమ్మా?"

"తెలీదండీ."

"నాకు తెలుసు. క్లాసులో అందరికంటే గట్టిగా నవ్వేది ఆ పిల్లే." కాగితాలు నా వైపు జరిపి, "ఆ పీరియడ్ నువ్వే తీసేసుకో. ఆన్‌లైన్‌లోనే కానియ్" అన్నారు.

"ఇప్పుడు మీరు మానేస్తే, రాసినందుకు మీకు కోపమొచ్చిందని పిల్లలు అనుకుంటారండీ."

"బాగా ఇరికించావమ్మాయ్!" అన్నారు. నవ్వలేదు.

మర్నాడు క్లాసుకి వెళ్లి, "ఒరేయ్, ఇవాళ్టి నుంచి నేను నోరు మూసుకుంటా. ఏం మాట్లాడినా నా చెవిలో చెప్పండి" అన్నారట. రెండూ కొన్నాళ్లు నడిపి చూద్దామన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. అప్పటి నుంచి గోడ అవతల నవ్వుల్లేవు. ఆయన సరదాని నేనే లాగేసుకున్నానా అనిపించేది. అడిగే ధైర్యం చాల్లేదు. జామకాయ ముక్క మాత్రం రోజూ వచ్చేది.

పోయిన శుక్రవారం, ఆ ఫోన్ రావడానికి మూడు రోజుల ముందు, వరండాలో వెళ్తూ కిటికీలోంచి చూశాను. ఆయన మూడో బెంచీలో, మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నారు. ఒక పిల్ల ఆయన చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి ఏదో చెబుతోంది. ఆ కాగితం రాసింది ఆమేనో కాదో నాకు తెలియదు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, తలూపారు, ఆమె చెవిలో ఏదో అన్నారు. ఇద్దరి భుజాలూ ఒక్కసారే కదిలాయి. ఇద్దరూ నవ్వుతున్నారు, పక్క బెంచీకి కూడా వినపడకుండా.