ముట్టుకోని గౌను

యలమందమ్మ ఎక్కడ కూర్చున్నా చేతులు ఒళ్లో పెట్టుకోదు. అరచేతులు పైకి పెట్టి, చీరకైనా తగలనీయకుండా కూర్చుంటుంది. ఏళ్ల తరబడి గుంటూరు మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీస్తున్న చేతులవి. కళ్లు నలుపుకోదు, పసిబిడ్డల బుగ్గలు పుణకదు. నిమ్మచెక్కతో రుద్దినా, కొబ్బరినూనె పట్టించినా గోళ్ల సందుల్లోంచి ఆ ఘాటు పోదు. దుబాయ్‌లో ఉన్న మేనకోడలు హేమశ్రీ పుట్టినరోజుకి నిరుడు యలమందమ్మ ఒక గౌను కొని, తన చేతులతోనే మడతపెట్టి పంపింది. “పిల్లకి ఒళ్లంతా ఎర్రగా పొక్కింది వదినా, ఏమనుకోబాక,” అంది ఫోన్లో తమ్ముడి భార్య.

ఈ ఏడు ముందుగానే పనికి నాగా పెట్టి, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని బ్రాడీపేటలో బట్టల కొట్టుకి వెళ్లింది. నీలం గౌను ఒకటి చూడగానే మనసుకి పట్టింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

“పట్టుకుని చూడండమ్మా, వెన్నపూసలా ఉంటది,” అన్నాడు కొట్టతను.

“వద్దులేండి. మీరే మడతపెట్టి కొరియర్‌కి ఇచ్చెయ్యండి.”

గౌను మడతపెడుతూ అతను గట్టిగా తుమ్మాడు. వెంటనే మళ్లీ తుమ్మాడు. “ఎక్కణ్నుంచో మిరపకాయ ఘాటు కొడుతుందమ్మా,” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

యలమందమ్మ గడప దిగి రోడ్డు మీద నిలబడింది.

“అది పక్కన పెట్టి, అలాంటిదే ఇంకోటి తియ్యండి బాబూ,” అంది అక్కణ్నుంచే.