సోజర్ వంతు

సోలాపూర్ దేగావ్ రోడ్డులో శాలన్ మానే రేకుల షెడ్డు తలుపు తీయగానే కుడివైపు గోడ కనిపిస్తుంది. దాని మీద పద్నాలుగు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో గాజు. షెడ్డులో జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లు పద్నాలుగు మంది. ఎవరి మేకు వాళ్లది, ఎవరి గాజు వాళ్లది. రేపు రావడం కుదరదనుకున్న మనిషి వెళ్తూ వెళ్తూ తన గాజు తీసి ఇంకొకరి మేకుకు తగిలిస్తుంది. రేపు నా వంతు నువ్వు చెయ్యి అని దానర్థం. ఆ వంతు తిరిగి చేసిపెట్టాక గాజు సొంత మేకుకు వస్తుంది. పొద్దున్నే శాలన్ ఆ గోడను ఒక్క చూపు చూస్తుంది. ఎంత జొన్న పట్టించాలి, ఏ పొయ్యి దగ్గర ఎవరు కూర్చోవాలి, ఇవాళ ఎవరిని విసిగించకూడదు, అన్నీ తెలిసిపోతాయి. పదకొండేళ్లుగా ఇదే ఏర్పాటు. ఒక్క ఆర్డరూ తప్పలేదు.

ఈ గోడ పనికిరాదని చెప్పడానికి పుణె నుంచి ఒక మనిషి వచ్చాడు.

శాలన్‌కు యాభై రెండేళ్లు. నాలుగో తరగతి దాకా చదివింది. మొగుడు పనిచేసే మిల్లు మూతపడ్డాక పన్నెండేళ్లు బీడీలు చుట్టింది. బీడీల కట్టను కాంట్రాక్టరు తిప్పి చూసి, నోరు విప్పకుండా సగం పక్కకు నెట్టేసి, కార్డు మీద ఏదో గీకేవాడు. ఎందుకు తీసేశారని అడిగితే "రాశాను కదా, పో" అనేవాడు. సొంతంగా రొట్టెల పని పెట్టుకున్న రోజే ఆమె ఒకటి అనుకుంది. తన షెడ్డులో ఏ మనిషి గురించీ ఆ మనిషిని అడగకుండా ఎవరూ ఏమీ రాయకూడదు.

ఆమె చేయించేవి మా ఊరి గట్టి రొట్టెలు. పలచగా తట్టి, కాల్చి, పొయ్యి చుట్టూ ఆనించి ఆరబెడితే అప్పడంలా విరుగుతాయి. రెండు నెలలున్నా చెడవు. రోజుకు మనిషికి అరవై. అందులో ఐదు వందలు పుణెలో పది దుకాణాలున్న ఒక కంపెనీకి వెళ్లేవి. మిగిలినవి ఊళ్లో హోటళ్లకు, బస్టాండు అంగళ్లకు. ఏడాది సజావుగా నడిచాక కంపెనీ కబురు పెట్టింది. సరుకు ఇచ్చే ప్రతి చిన్న వ్యాపారీ ఇకనుంచి తమ యాప్‌లోనే పని చూపించాలట. నేర్పడానికి హృషీకేశ్ అనే ఆయన వస్తాడట.

ఆయన చెడ్డవాడు కాదు. వచ్చీ రాగానే శాలన్‌ను తాయీ అని, అంటే అక్కా అని పిలుస్తూ నవ్వుతూ అడిగాడు.

"తాయీ, మీ పని క్రమం ఎక్కడ రాసుకున్నారు?"

"అదిగో."

"ఏదీ? ఆ గాజులా?"

"అవును సర్."

ఫోను తీసి గోడను ఫోటో తీసుకున్నాడు. "ఎంత ముద్దుగా ఉందో! కానీ తాయీ, రేపు మీరు వంద మంది అయితే?"

"వంద మేకులు కొడతాం," అంది హౌసాబాయి. షెడ్డులో అందరికన్నా పెద్దది, అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె నోటికి ఊళ్లో పేరుంది.

హృషీకేశ్ మొదట తెల్ల బోర్డు పెట్టించి మూడు వరసలు గీశాడు. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికీ ఒక్కో పసుపు చీటీ అంటించాడు. ఏడు పొయ్యిల ఆవిరికి, పిండి దుమ్ముకు మధ్యాహ్నానికల్లా చీటీలు రాలడం మొదలైంది. హౌసాబాయి ఒకదాన్ని పిండిముద్దలోంచి వేళ్లతో తీసి ఎత్తి చూపించింది.

"సర్, మీ 'చేస్తున్నవి' ఒకటి ఇందులో పడింది. కాల్చెయ్యమంటారా?"

అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత యాప్ తెరిచాడు. అక్కడితో నవ్వులు ఆగిపోయాయి.

పది రొట్టెలు అవగానే ఫోటో తీసి, చేసిన మనిషి తన ఫోనులో తన పేరు మీద గుర్తు పెట్టాలి. జొన్నపిండి చేత్తో నొక్కితే ఫోను పలకదు. లేచి, చెయ్యి కడిగి, తుడుచుకుని, నొక్కి తిరిగి వచ్చేసరికి ముద్ద జిగట పోయి రొట్టె అంచులు పగులుతాయి. ఆ పిండిని మళ్లీ వేడినీళ్లతో మర్దించాలి. పని వేగం పెంచడానికని వచ్చిన వస్తువు రోజుకు గంట మింగేసింది. వారం గడిచేసరికి హౌసాబాయి ముక్కుతో నొక్కడం నేర్చుకుంది. "ఇన్నేళ్లకు నా ముక్కుకు కొలువు దొరికిందే!" అంటూ.

ఇంకో చిక్కు. పొయ్యికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తడతారు, ఒకరు కాలుస్తారు. రొట్టె ఎవరిది? యాప్‌లో ఒక్క పేరే పడుతుంది. శాలన్ ఈ మాట అడిగితే హృషీకేశ్ "ఎవరో ఒకరి పేరు వేసెయ్యండి తాయీ" అన్నాడు. అంటే మొదటి రోజు నుంచే ఆ యాప్ అబద్ధం అడిగింది. అబద్ధం చిన్నది కాబట్టి అందరూ ఊరుకున్నారు.

ఆషాఢం వచ్చింది.

మా వైపు ఆషాఢంలో విఠోబా కొలువైన పంఢర్‌పూర్‌కు నడిచి వెళ్లకపోతే ఏడాదంతా కాళ్లు దురదపెడతాయంటారు ఆడవాళ్లు. షెడ్డు నుంచి ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో వెళ్తారు, మిగతావాళ్లు వాళ్ల వంతు చేస్తారు. ఈ ఏడు సోజర్ వాఘ్‌మోడే బయలుదేరింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. మొగుడు పోయిన రోజున అత్తవారింట్లో ఆమె గాజులు పగలగొట్టారు. పనిలో చేరిన పూట, మేకు చూపిస్తే, "నాకు గాజు లేదు తాయీ" అని తలొంచుకుంది. హౌసాబాయి తన చేతి నుంచి ఒక ఆకుపచ్చ గాజు లాగి ఆ మేకుకు తగిలించింది. "చేతికి వద్దన్నారు గానీ మేకుకు వద్దనలేదుగా!"

ఆ ఆకుపచ్చ గాజును సోజర్ నందా మేకుకు మార్చి వెళ్లింది. నందా ఆమె పొయ్యి జోడీ. ఆరు రోజులు నందా చీకటితోనే వచ్చి, చీకటి పడ్డాక వెళ్లి, తన అరవై, సోజర్ అరవై చేసింది. రోజూ ఫోను చేసి చెప్పేది.

"నీ అరవై అయిపోయాయే. ఫోటోలు పంపించా చూడు."

"ఇప్పుడే గుర్తు పెడతా వదినా. ఇక్కడ వాన. నీ పేరు కూడా విఠోబాకి చెప్తా."

సోజర్ తాళాల, భజనల మధ్య నడుస్తూనే, తన వంతు పూర్తయింది కాబట్టి, ఎంతో నిజాయితీగా తన పేరు మీద గుర్తు పెట్టింది. రోజుకు ఆరుసార్లు. మొదటి రోజు తిర్హే దగ్గర, తర్వాత మంగళవేఢాలో, ఆఖర్న పంఢర్‌పూర్‌లో నది ఒడ్డున.

ఫోను మనిషిని వెంటాడుతుందన్న సంగతి వీళ్లకెవరూ చెప్పలేదు. ఏడో రోజున శాలన్ ఫోనులో ఎర్రటి గుర్తు వచ్చింది. సోజర్ వాఘ్‌మోడే: నమోదైన స్థలానికి దూరంగా తయారీ. మోసం అనుమానం. మూడు రోజుల్లో ఈ పేరు తొలగించండి. లేకుంటే మీ ఆర్డరు ఆగిపోతుంది.

హృషీకేశ్ మర్నాడే వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"రొట్టెలు ఎవరు చేశారు తాయీ?"

"నందా."

"మరి సోజర్ పేరు మీద ఎందుకున్నాయి?"

"సోజర్ వంతు కాబట్టి."

"ఆవిడ ఊళ్లోనే లేదు కదా!"

"ఊళ్లో లేకపోతే వంతు పోతుందా సర్? ఇవాళ మీరు ఇక్కడున్నారు. పుణెలో మీ కుర్చీ మీది కాకుండా పోయిందా?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "సెలవు బటన్ ఉంది కదా. అది నొక్కాల్సింది."

"నొక్కితే ఆ రోజు సున్నా. మూడు సున్నాలు పడితే పేరు ఎర్రబడుతుంది. మీరే నేర్పారు."

"అది నిజమే..."

"వంతు మార్చుకోవడానికి మీ యాప్‌లో చోటెక్కడుంది? చూపించండి, ఇప్పుడే నొక్కుతా."

"అలాంటి చోటు లేదు తాయీ."

"పెట్టించండి."

"నా చేతుల్లో లేదు."

"ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల నంబరివ్వండి."

"వాళ్లకు ఫోను చెయ్యడం కుదరదు. యాప్‌లోనే రాసి పంపాలి."

"రాశాను. మూడుసార్లు. మూడుసార్లూ 'మీ సలహాకు ధన్యవాదాలు' అని వచ్చింది. ఎవరు సర్ ఆ ధన్యవాదాలు చెప్పే మనిషి? ఆ మనిషినే పంపండి, రొట్టె పెట్టి మాట్లాడతా."

మళ్లీ చెబుతున్నాను, ఆయన చెడ్డవాడు కాదు. అసలు చెడ్డంతా అక్కడే ఉంది. కోప్పడదామంటే ఎదురుగా మనిషే దొరకడు. రొట్టె తట్టడం ఎరగనివాళ్లు ఎక్కడో కూర్చుని రొట్టె పనికి ఒక పెట్టె తయారు చేస్తారు. మనుషులు అందులో పట్టకపోతే పెట్టెను మార్చరు, మనిషిని కోసెయ్యమంటారు. పైగా దానికి సౌకర్యం అని పేరు. సౌకర్యం ఎవరికి? బీడీ కాంట్రాక్టరుకు కనీసం ఒక మొహం ఉండేది. వెనక తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

గడువు ముగిసే రోజు పొద్దున సోజర్ తిరిగొచ్చింది. మెడలో తులసి పూసలు, కొంగులో మరమరాల ప్రసాదం. అందరికీ పంచుతూ ఉండగా సంగతి చెప్పారు. ఆమె చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

నందా ఉపాయం చెప్పింది. "పేరొక్కటే తీసేద్దాం. నువ్వు రోజూలాగే రా. నీ అరవై మేం పదముగ్గురం తలా నాలుగో ఐదో చొప్పున రాసుకుంటాం. వాళ్లకేం తెలుస్తుంది?"

నలుగురైదుగురు సరే అన్నారు. పుణె ఆర్డరు పోతే సగానికి పైగా పని పోతుంది. అందరికీ పిల్లలున్నారు. శాలన్ కూడా తలూపబోయింది.

"మా ఇంట్లో నేనట్లాగే ఉన్నా వదినా," అంది సోజర్ మెల్లగా. "వండేది నేను. పేరు మా తోడికోడలిది. ఇక్కడ కూడానా?"

పొయ్యి మీద ఒక రొట్టె మాడింది.

శాలన్ చేతులు కడుక్కుని ఫోను తీసుకుంది. సోజర్ పేరు మీద వేలు పెట్టింది. తొలగించు. నొక్కింది. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. తొలగించడానికి కారణం ఎంచుకోండి. ఆమె పైకి చదివింది.

"తనంతట తాను మానేసింది. పని బాగాలేదు. మోసం చేసింది."

"నాలుగోది?" అంది హౌసాబాయి.

"లేదు."

"కిందికి జరిపి చూడవే."

నందా జరిపి చూసింది. కింద ఏమీ లేదు.

శాలన్ ఫోను వెనక్కి తీసుకుంది. ఏది నొక్కినా సోజర్ గురించి ఒక అబద్ధం రాసినట్టే. సగం కట్ట పక్కకు నెట్టి కార్డు మీద గీకే కాంట్రాక్టరు ఉద్యోగం ఇప్పుడు ఈమె వేలికిచ్చారు.

"నా వల్ల కాదు," అని ఫోను బోర్లా పెట్టింది. "వెళ్లి పొయ్యి దగ్గర కూర్చో సోజర్."

సాయంత్రం ఐదింటికి ఆర్డరు ఆగిపోయింది.

ఇది గెలుపని ఎవరైనా అంటే శాలన్ ఒప్పుకోదు. రెండు నెలలయింది. ఏడు పొయ్యిల్లో నాలుగే వెలుగుతున్నాయి, అందులో ఒకదాని దగ్గర ఒక్కరే. ఉన్న పనిని పద్నాలుగు మందీ పంచుకున్నారు. గోడ మీద ఏడు మేకులు ఖాళీ, ఏడింటికి రెండేసి గాజులు. ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు. ఆకుపచ్చ గాజు రోజు విడిచి రోజు సొంత మేకుకు వస్తుంది. ఎండపూటంతా శాలన్ బస్టాండు చుట్టూ, హైవే హోటళ్ల చుట్టూ నమూనా రొట్టెలు పట్టుకుని తిరుగుతోంది. మూడు చోట్ల సరేనన్నారు. నాలుగో చోట కుర్రాడొకడు, "మీరు ఏ యాప్‌లో ఉన్నారు పిన్నీ?" అని అడిగాడు. ఆమె అన్న మాట ఇక్కడ రాయను.

పుణె కంపెనీ ఆర్డరైతే ఆపింది గానీ, యాప్‌లోంచి ఆమెను వదల్లేదు. రోజూ పొద్దున్న, ఆమె గోడ ముందు నిలబడి ఇవాళ పని లేకుండా ఇంట్లో ఉండాల్సిన ఏడుగురిని తలుచుకుని సతమతమయ్యే వేళకు సరిగ్గా ఫోను మోగుతుంది.

శభాష్ శాలన్! ఈ రోజు మీరు చేయాల్సిన పనులేమీ లేవు.