మామ ముందు జారిన ముడి

ఆ రోజుల్లో, అంటే పెళ్లయి మూడు నెలలైనా నిండని రోజుల్లో, నాకు చేతకాని పని ఒకటుందని ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు అలాంటివి లెక్కపెట్టబోతే పది వేళ్లూ చాలవు. అప్పట్లో సిరిసిల్లలో సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. పన్నెండు గంటలు నిలబడి, పోగు తెగిన చోటల్లా ముడివేసి, తెల్లవారాక గదికి వెళ్లి పడుకుంటే (గదిలో మేం ఐదుగురం, చాపలు మూడు) చెవుల్లో ఆ చప్పుడు ఆడుతూనే ఉండేది. నా భార్య ఇంకా బోయినపల్లిలో పుట్టింట్లోనే ఉంది. వేరే గది ఒకటి చూసుకొని, ఆమెను పంపమని మా మామను అడిగాను. ఆయన తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, మాట తక్కువ. "చూద్దాం తియ్" అన్నాడు. ఆషాఢం వచ్చిందంటే కొత్త జంటను ఎలాగూ కలిసి ఉండనివ్వరు. అది దాటాక మళ్లీ ఎన్ని "చూద్దాం"లు వినాలో తెలియదు. ఏదైనా ఆషాఢం లోపలే తేలాలి.

ఇంతలో మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజున మావైపు చేప తినకపోతే ఏడాదంతా ఏదో లోటు చేసినట్టే చూస్తారు. మామ ఫోన్ చేసి, "మిరుగానికి అచ్చెయ్ అల్లుడా. మానేరు నీళ్లు మస్తు తగ్గినయ్, కొర్రమట్టలు పడుతున్నయట. ఇద్దరం పోయి గాలమేద్దాం" అన్నాడు. కూతుర్ని పంపాలా వద్దా అని నన్ను పరీక్షించి చూడటానికే పిలుస్తున్నాడని నేను తేల్చుకున్నాను. షిఫ్టు దిగి, మొహాన ఇన్ని నీళ్లు చల్లుకొని, మొదటి బస్సెక్కాను. (నిద్రలో బోయినపల్లి దాటిపోయి, రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు.)

"రాత్రి పండుకున్నవా?" అని ఒడ్డున కూర్చోగానే అడిగాడు మామ.

"మస్తు పండుకున్న మామా. నిన్న సెలవు" అన్నాను, జుట్టంతా నూలు దుమ్ము పెట్టుకొని. ఆయన ఆ దుమ్మును చూశాడు. నేను గాలాన్ని తంగుసుకు, అదే నైలాన్ దారానికి, కట్టబోతుంటే, "ఇటియ్యి, నేను కడత" అని చెయ్యి చాపాడు. ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా? "అయ్యో మామా, రోజుకు వెయ్యి ముళ్లేసే చేతులు గివి!" అని, కనీసం కిందికి చూడకుండా, రెప్పపాటులో ముడివేసి చూపించాను. అది మగ్గం మీద పోగులు అతికే ముడి. చిన్నదిగా ఉండాలి, మగ్గం దువ్వెన పళ్ల సందులోంచి తగలకుండా పోవాలి, దాని గొప్పంతా అదే. నూలు గరుకుగా ఉంటుంది కాబట్టి అక్కడ నిలుస్తుంది. తంగుసు నున్నగా ఉంటుందన్న సంగతి చిన్నపిల్లలకైనా తెలుసు, ఆ పొద్దు నాకు తట్టలేదు.

ఎంతోసేపు కాలేదు, బెండు గుబుక్కున మునిగింది. "గుంజు! గుంజు!" అని మామ లేచి నిలబడ్డాడు. గుంజాను. నా ముంజేతి పొడవున్న నల్లటి చేప ఒక్కసారి నీటిపైకి వచ్చి నన్ను చూసింది. మరుక్షణం గెడ తేలికైపోయింది, నేను వెనక్కి బురదలో కూలబడ్డాను. చేప లేదు, గాలం లేదు. మామ తంగుసు కొసను రెండు వేళ్లతో పట్టుకొని, వంకరలు తిరిగి ఉన్న దాన్ని ఎండకు ఎత్తి చూశాడు.

"తెగలే. జారింది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆయన ఇంకో గాలం తీసి తనే కట్టి నా చేతికిచ్చాడు. ఈసారి బెండు మీద నుంచి చూపు తిప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కళ్లు మూసుకోలేదు, కాస్త దించానంతే.

"లే అల్లుడా, బువ్వ యాళ్లయింది" అన్న మాటకు ఉలిక్కిపడి లేచాను. నా తల మీద మామ తువ్వాల ఉంది, నా గెడ ఆయన చేతిలో ఉంది, సంచిలో ఆయన పట్టిన రెండు జెల్లలున్నాయి. ఇంటిదాకా ఆయన వెనకాల తలెత్తకుండా నడిచాను. గది అడ్వాన్సు వెనక్కి అడగాల్సిందే అనుకున్నాను, నిజంగా ఏడుపొచ్చింది. కాళ్లు కడుక్కుంటుంటే వంటింట్లో ఆయన మా అత్తతో చెబుతున్న మాటలు వినిపించాయి.

"పిలగాడు కూసున్నకాన్నే పండుకున్నడే. నిద్రల సుత చేతులు ముళ్లేస్తున్నయ్. గాడ ఒక్కడెట్ల బతుకుతడు? పిల్లను ఎల్లుండే పంపుదాం."

నమ్మకంతో కాదు, జాలిపడి పంపాడు పిల్లను. సిరిసిల్ల బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకొని నా భార్య అడిగింది, "చేపను ఇడిసిపెట్టినవటగా?"

"ముడి జారింది."

"మంచిగైంది. పట్టినవనుకో, నువ్వు ఒక్కనివే బతికేటంత మొనగానివని బాపు ఇంకో ఏడాది నన్ను పంపకపోతుండె."

ఇప్పుడు పని నుంచి వచ్చి గడపలోనే "నాతోని అయితలేదు" అంటాను, సిగ్గేమీ పడను. ఆమె మంచినీళ్లిచ్చి పక్కకు జరుగుతుంది. ఆ ఒక్క మాట నోట రాక, నిద్ర కళ్లతో కొర్రమట్టతో కుస్తీకి దిగిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. మామ వాణ్ణి ఇంకాసేపు పడుకోనిచ్చి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.